ఫ్రిజ్‌లో దీపం వెలుగుతూనే ఉంది

మంగళవారం పొద్దున అయిదున్నరకు పాలు విరిగాయి. మే నెల, విజయవాడ. ఆ వేళకే వంటింట్లో ఉక్కపోత. అత్తయ్యగారి కాఫీ కోసం ముందు రోజు సాయంత్రం తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టిన ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోశాను. పొంగు రాకముందే అంచుల వెంట సన్నని పలుకులు తేలాయి. చూస్తూ ఉండగానే పచ్చటి నీళ్ళు ఒక పక్కకు, తెల్లటి ముద్దలు ఒక పక్కకు చేరాయి. ప్యాకెట్ పాతదేమోనని తేదీ చూశాను, సరిగ్గానే ఉంది. రెండో ప్యాకెట్ పోశాను. అవీ విరిగాయి.

అప్పుడు ఫ్రిజ్ తలుపు తీసి మధ్య అర మీద అరచెయ్యి ఆనించాను. లోపల దీపం వెలుగుతోంది. వెనక మోటారు సన్నగా మోగుతూనే ఉంది. కానీ చెయ్యి జిల్లుమనలేదు. నూతి నీళ్ళపాటి చల్లదనం, అంతే.

మా వారు లేచి వచ్చి పైన ఫ్రీజర్ తెరిచారు. ఐసు ఉంది. కింది తలుపు అరలో అమలాపురం నుంచి మా అమ్మ పంపిన కొబ్బరినూనె సీసా తెల్లగా గడ్డకట్టి ఉంది. “నూనె గడ్డగానే ఉందిగా, ఫ్రిజ్ బాగానే ఉన్నట్టే” అన్నారు. ఆ మాట నమ్మాలనే ఉంది నాకు. ఆదివారం మరిది కుటుంబం వచ్చి వెళ్ళింది. ఫ్రిజ్ నిండా వండి మిగిలినవి, కడిగి పెట్టినవి, రుబ్బి పెట్టినవి ఉన్నాయి. కానీ కొబ్బరినూనె కరిగేది 24 డిగ్రీల దగ్గర. అది గడ్డగా ఉందంటే లోపలి వేడి 24 దాటలేదని మాత్రమే అర్థం. ఫ్రిజ్‌లో ఉండాల్సింది 5 డిగ్రీల లోపు. ఆ రెండు అంకెల మధ్య మా తిండి ఎక్కడ ఉందో సీసా చెప్పదు.

కేకు లోపలి దాకా ఉడికిందో లేదో చూడడానికి కొన్న సూది థర్మామీటరు ఒకటి ఇంట్లో ఉంది. రాత్రంతా లోపలే ఉన్న నీళ్ళ సీసా మూత తీసి అందులో సూది ముంచాను. గాలిలో పెడితే తలుపు తీసినప్పుడల్లా అంకె మారిపోతుంది. రాత్రంతా కదలకుండా ఉన్న నీళ్ళు అలా మారవు. వాటి వేడి ఎంతో, పక్కనున్న పప్పు గిన్నె వేడీ దాదాపు అంతే. 17 చూపింది. నిమిషం ఆగి మళ్ళీ చూశాను. 17.

కరెంటు పోయినప్పుడు లెక్క సులువు. పోయిన గడియ మనకు తెలుస్తుంది. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు ఆగుతుంది. మా ఫ్రిజ్ అలా ఆగిపోలేదు. దీపం వెలిగిస్తూ, మోటారు మోగిస్తూ, ఎవరికీ తెలియకుండా వేడెక్కింది. ఏది పాడైందో చూడడానికి ముందు ఇది ఎప్పుడు మొదలైందో తేల్చుకోవాలి. తలుపు మూసేసి, వంటింటి గట్టు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

సోమవారం మధ్యాహ్నం పెరుగు పులిసిపోయింది. ఎండాకాలం కదా అనుకున్నాను. సోమవారం పొద్దున దోసెల పిండి గిన్నె మూతను నెట్టుకుని అర మీదకు పొర్లింది. పిండి ఎక్కువ పోశానేమో అనుకుని తుడిచేశాను. ఇంకా వెనక్కి వెళ్ళాను. ఆదివారం సాయంత్రం, చుట్టాలు బయల్దేరుతుండగా, మా అమ్మాయి సీసా ఎత్తి తాగి, “అమ్మా, ఈ నీళ్ళు చల్లగా లేవు” అంది. వచ్చినవాళ్ళు తలుపు తీస్తూ ఉన్నారు కదా, అందుకే అన్నాను. ఆరేళ్ళ పిల్ల సరిగ్గా చెప్పింది. నేను వినలేదు. ఆదివారం సాయంత్రం ఆరు నుంచి మంగళవారం పొద్దున ఆరు దాకా లెక్కేస్తే 36 గంటలు. అంతకంటే ఎక్కువే కావచ్చు, తక్కువ మాత్రం కాదు. పాల లెక్క రాసుకునే కాగితం మీద ‘36’ అని రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఆ తర్వాత ఏ గిన్నె తీసినా ముందు ఆ అంకె చూశాను.

ఎందుకంత పట్టుదల అంటే, మా ఇంట్లో అత్తయ్యగారికి 72 ఏళ్ళు, ఇన్సులిన్ మీద ఉన్నారు. పిల్లకు ఆరేళ్ళు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు ఒక పూట విరేచనాలతో పోయేది వయసు మళ్ళినవారికి, చిన్నపిల్లలకు, గర్భిణులకు ఆసుపత్రి దాకా వెళుతుంది. నేనూ మా వారూ మాత్రమే ఉండే ఇల్లయితే ఇంత ఆలోచించేదాన్ని కానేమో. అలా ఆలోచించకపోవడం కూడా తప్పే.

తినేవాటి మీద పెరిగే సూక్ష్మజీవులకు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా అనుకూలమైన వేడి. ఆ మధ్యలో, తడి ఉండి, పులుపూ ఉప్పూ అంతగా లేకపోతే అవి వేగంగా రెట్టింపవుతాయి. బాగా అనుకూలిస్తే కొన్ని రకాలకు 20 నిమిషాలు చాలు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వండిన పదార్థాన్ని బయట 2 గంటలకు మించి ఉంచవద్దంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ ఇంకో మాట చేర్చింది: బయట 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. 17 డిగ్రీల్లో ఆ పెరుగుదల మన వంటింటి వేడిలో ఉన్నంత వేగంగా ఉండదు, నిజమే. కానీ 36 గంటలు చాలా పెద్ద సమయం.

అత్తయ్యగారు కాఫీ లేకుండానే వచ్చి కూర్చున్నారు. విరిగిన పాలు చూసి, “పారబోయకు అమ్మాయీ, వడగట్టి పన్నీరు చెయ్యి” అన్నారు. ఆవిడ చేతి కోవా, పన్నీరు మా ఊళ్ళో పేరుపడ్డవి. ఆ మాటకు వెంటనే కాదనలేకపోయాను. కానీ మనం మంచి పాలు కాచి నిమ్మరసం పిండి విరగ్గొడితే విరిచింది నిమ్మరసం. ఇవి విరిగింది లోపల పెరిగిన సూక్ష్మజీవుల పులుపుకు. అవి ఏ రకానివో, వాటితో పాటు ఇంకేం పెరిగాయో మనకు తెలియదు. అదే చెప్పాను. ఆవిడ కాసేపు గిన్నె వంక చూసి ఊరుకున్నారు.

అసలు వాదన అన్నం గిన్నె దగ్గర వచ్చింది. ఆదివారం రాత్రి మిగిలిన అన్నం, స్టీలు గిన్నెలో, మూత పెట్టి. మూత తీసి వాసన చూశారు. “ఏ వాసనా లేదు. మెతుకు విడివిడిగా ఉంది. మా రోజుల్లో ఫ్రిజ్ ఎక్కడిది? చద్దన్నం తినే పెరిగాం. మాకేం అయింది?” అన్నారు.

ఆ ప్రశ్నకు గౌరవంగా జవాబు చెప్పాలనుకున్నాను, ఎందుకంటే ఆవిడ మాటలో నిజం ఉంది. చద్దన్నం మన పెద్దవాళ్ళు ఊరికే మిగిల్చి తిన్నది కాదు. రాత్రి వేడన్నం చల్లారాక నీళ్ళు పోసో, మజ్జిగ కలిపో ఉంచేవారు. తెల్లవారేసరికి అది పులిసేది. పెరుగును తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులే అందులో పెరిగి పులుపు పుట్టించి, చెడ్డవాటిని ఎదగనివ్వవు. పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినేసేవారు. ఒక్క రాత్రి మాటే అది. ఫ్రిజ్ లేని ఇంటికి ఒక పద్ధతి ఉండేది: ఏ పూటకు ఆ పూట వండుకోవడం, పాలు పూటపూటా కాచడం, పులుసులు మళ్ళీ మరిగించడం, మిగిలితే చద్దికి వేయడం. మేము వండింది ఫ్రిజ్ ఉందన్న ధైర్యంతో. రెండు రోజులకు సరిపడా వండి పెట్టాం. ఆ ధైర్యం ఆదివారమే పోయింది, వంట మాత్రం అలాగే ఉంది.

నీళ్ళు పోయని, పులియని ఉత్త అన్నం సంగతి వేరు. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తనాల్లాంటి గింజలు (స్పోర్లు) అన్నం ఉడికినా చావవు. అన్నం నిలవ ఉన్నప్పుడు మేలుకుని పెరిగి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వాసనా రాదు, రంగూ మారదు. ఇదంతా చెప్పి, “అత్తయ్యా, మీరు చూసిన వాసన తప్పని నేను అనడం లేదు. దీనికి వాసన రాదు” అన్నాను.

వాసన గురించి మనందరికీ ఉన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. కంపు కొట్టించే సూక్ష్మజీవులు ఒక గుంపు, జబ్బు చేసేవి చాలావరకు ఇంకో గుంపు. మొదటివి పెరిగితే మన ముక్కే పారెయ్యమంటుంది. రెండోవి తగినన్ని పెరిగినా కూర కమ్మగానే ఉండవచ్చు. వాసన వస్తే పారెయ్యడం సరైనదే. రాలేదు కాబట్టి తినవచ్చనడమే తప్పు. రుచి చూసి తేలుద్దామనడం ఇంకా పెద్ద తప్పు.

తర్వాతి వంతు మా వారిది. ఆదివారం వండిన కోడికూర సగం గిన్నె మిగిలింది. “బాగా మరిగిస్తే ఏ పురుగైనా చస్తుంది” అన్నారు. చాలావరకు చస్తుంది. అందరూ నమ్మే మాటే, సగం నిజం. మన చేతుల మీద, ముక్కులో ఉండే స్టాఫిలోకాకస్ ఆరియస్ గరిట తిప్పుతూ, వడ్డిస్తూ కూరలోకి చేరుతుంది. అది పెరిగేటప్పుడు వదిలే విషం అరగంట మరిగించినా అలాగే ఉంటుంది. సూక్ష్మజీవి చచ్చినా అది వదిలింది కూరలోనే మిగులుతుంది. ఆదివారం ఆ గిన్నెలో ఎంతమంది గరిట పెట్టారో గుర్తు చేసుకున్నాం. ఆయనే గిన్నె పక్కన పెట్టారు.

టమోటా పప్పు, ఉడికించి ఒలిచిన గుడ్లు, కొబ్బరి పచ్చడి, కోసి డబ్బాలో పెట్టిన పుచ్చకాయ ముక్కలు, కొనుక్కొచ్చిన పన్నీరు ఇక ఆలోచన లేకుండా పోయాయి. కోయని మామిడిపళ్ళు, టమోటాలు, కూరగాయలకు ఏమీ కాలేదు. వాడిన కొత్తిమీర తప్ప. ఆవకాయకు ఫ్రిజ్ ఎప్పుడూ అక్కర్లేదు, అంత ఉప్పూ పులుపూ నూనే ఉన్న జాడీలో జబ్బు చేసేవి పెరగవు. గోంగూర పచ్చడీ నెయ్యీ చింతపండూ అలాగే ఉంచాను. వెన్న వేలు పెడితే దిగింది కానీ వెన్నకు భయం లేదు, కాచి నెయ్యి చేశాను.

అల్లం వెల్లుల్లి ముద్ద దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. ఇంట్లో నూరి, పైన నూనె పోసి సీసాలో పెట్టినది. ఆవకాయలో వెల్లుల్లికి భయం లేనప్పుడు దీనికెందుకు అనిపిస్తుంది. వెల్లుల్లికి అంటుకుని వచ్చే మట్టిలో క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి గింజలు ఉండవచ్చు. గాలి తగలని చోటే అది పెరుగుతుంది. పైన నూనె పొర గాలిని ఆపుతుంది. ఆవకాయలో మామిడి పులుపూ ఉప్పూ దాన్ని అణిచి ఉంచుతాయి, ముద్దలో ఆ రెండూ అంతగా లేవు. చల్లదనం ఒక్కటే కాపలా, అది లేకుండా 36 గంటలు గడిచాయి. ఇలాంటి విషం అరుదే అయినా తగిలితే నరాలను పడగొడుతుంది. సీసా మొత్తం తీసేశాను. రెండు వందల గ్రాముల వెల్లుల్లి ఒలిచిన వేళ్ళ మంట ఇంకా తగ్గలేదు, అయినా తీసేశాను.

పచ్చి గుడ్ల విషయంలో, చల్లదనం తప్పినప్పుడు ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చెప్పే అమెరికా వాళ్ళ పట్టిక పారెయ్యమంటుంది. అక్కడ గుడ్లను కడిగి, మొదటి నుంచీ చల్లగానే అమ్ముతారు. మన కొట్లలో అట్టల మీద బయటే ఉంటాయి. 17 డిగ్రీల్లో ఉన్న గుడ్డు మే నెల కొట్లో ఉన్న గుడ్డు కంటే చెడ్డదేమీ కాదనుకున్నాను. పగుళ్ళు లేనివి ఏరి, కొన్నింటిని పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి అదే పూట తినేశాం. ఇంట్లో తోడుపెట్టిన పెరుగునూ పట్టికలు పారెయ్యమనే అంటాయి. అది రాత్రంతా గదిలోనే పేరుకునేది, పులుపే దానికి రక్ష. రంగు మారలేదు, పైన బూజు లేదు. మజ్జిగ పులుసు పెట్టాను. దోసెల పిండీ పులిసినదే కాబట్టి ఆ పొద్దున ఊతప్పాలు వేశాను. బాగా పుల్లగా ఉన్నాయి, పిల్ల ఒకటి తిని వదిలేసింది. ఈ మూడూ నా తీర్మానాలు. ఇంట్లో గర్భిణి ఉండి ఉంటే వీటినీ తీసేసేదాన్ని.

ఫ్రీజర్ కథ వేరుగా చూడాల్సి వచ్చింది. ఉండాల్సింది సున్నాకు 18 డిగ్రీల కింద. అక్కడ థర్మామీటరు సున్నాకు 4 డిగ్రీల కింద చూపింది. ఐసు ట్రే తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. ప్రతి ముక్క అంచులు పదునుగా, దేనికది విడిగా ఉంది. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టి ఉంటే ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని అడుగున పలకలా పేరుకునేవి. పచ్చి బటాణీల సంచి పిసికితే గింజలు జలజలా కదిలాయి. అంటే పై అర సున్నా దాటలేదు. ఐస్‌క్రీం మాత్రం జావైంది. చక్కెర ఉన్నది సున్నా కిందే మెత్తబడుతుంది కాబట్టి దానికి ఆశ్చర్యపోలేదు. పాలతో చేసినది కదా, పిల్ల ఏడ్చినా తీసేశాను.

కోడిమాంసం పొట్లాం వేలితో నొక్కితే పైన కొద్దిగా లొంగింది, లోపల రాయిలా ఉంది. విప్పితే ముక్కల మధ్య మంచు పలుకులు మెరిశాయి. లోపల మంచు పలుకులు ఉన్నా, వేడి 5 డిగ్రీల లోపు ఉన్నా మాంసాన్ని వండుకోవచ్చు, మళ్ళీ గడ్డకట్టించవచ్చు. రుచి కాస్త తగ్గుతుందంతే. పై వాటాలో పిన్నిగారి ఫ్రీజర్‌లో చోటుందేమోనని అడిగాను. రొయ్యలూ సగం కోడిమాంసమూ అక్కడ పెట్టాం. ఇవి ఏ స్థితిలో ఉన్నాయో ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్ళ సామానుకు తగలకుండా ఇంకో సంచిలో కట్టి ఇచ్చాను. మిగిలిన సగం మధ్యాహ్నం వండాను. పెద్ద ముక్క మధ్యలో సూది గుచ్చితే 88 చూపింది. కోడిమాంసానికి లోపల 74 దాటాలి.

వంజరం చేప ముక్కలు రెండు చోట్ల ఉన్నాయి. ఫ్రీజర్‌లో ఉన్నవి వేయించాను. వేపుడు కోసం పసుపు, కారం పట్టించి కింది అరలో పెట్టిన నాలుగు ముక్కలున్నాయే, అవి కళ్ళకు ఎంతో బాగున్నాయి. కండ గట్టిగా ఉంది. మసాలా వాసన తప్ప వేరే వాసన లేదు. ఆ నాలుగు ముక్కలకు ఆ రోజు నేనిచ్చిన ధర నాకు బాగా గుర్తుంది. కానీ వంజరం, కానాగంతలు, ట్యూనా వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చల్లదనం తప్పితే సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. అది తిన్న కొద్దిసేపటికే మొహం ఎర్రబడుతుంది, ఒళ్ళంతా దురద, తలనొప్పి, గుండె దడ. వేయించినా గడ్డకట్టించినా అది పోదు. తీసేశాను.

తిండి కంటే ముందే చూడాల్సిన మందులు అప్పటికి గుర్తొచ్చాయి. అత్తయ్యగారి ఇన్సులిన్ సీసాలు తలుపు అరలో ఉన్నాయి, ఒకటి వాడుతున్నది, ఒకటి తెరవనిది. తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పెట్టెలోని కాగితం విప్పి చదివాను, మందుల షాపు ఆయనకు ఫోను చేసి అడిగాను, సాయంత్రం డాక్టరుగారిని కూడా అడిగాం. మా సీసా రకానికి ముగ్గురి మాటా ఒకటే: చల్లదనం తప్పిన రోజు నుంచి లెక్కపెట్టుకుని, 30 డిగ్రీల లోపు ఉంచి, 28 రోజుల్లో వాడేయాలి. రకం మారితే రోజులూ మారతాయి, కాబట్టి ఎవరి పెట్టెలో కాగితం వారు చదువుకోవాలి. సీసా మీద అంటింపు పెట్టి ఆదివారం తేదీ వేశాను. మా వంటింట్లో మధ్యాహ్నానికి 36 డిగ్రీలు. 30 లోపు ఎలా? చిన్న మట్టికుండను తడి గుడ్డ చుట్టి నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి, సీసాలను స్టీలు డబ్బాలో వేసి అందులో పెట్టాను. లోపల 27 ఉంది. ఐసు గడ్డల్లో పెట్టమని పక్కింటివారు సలహా ఇచ్చారు. ఇన్సులిన్ ఐసుకు తగిలి గడ్డకడితే ఇక పనికిరాదు. అమ్మాయికి చెవినొప్పికి ఇచ్చిన యాంటీబయాటిక్ సిరప్, నీళ్ళు కలిపాక ఫ్రిజ్‌లోనే ఉంచాల్సినది, డాక్టరుగారి మాట మీద కొత్తది కొన్నాం.

ఏడున్నరకు మా ఇంట్లో పనిచేసే ఆమె వచ్చింది. గట్టు నిండా గిన్నెలు చూసి, “ఇవన్నీ పారేస్తున్నారా అమ్మా? నాకివ్వండి, పిల్లలు తింటారు” అంది. ఆ మాట వినగానే గొంతు పట్టుకుంది. ఆ కోడికూర ఆమె ఇంట్లో ఒక పూట పండగ. అత్తయ్యగారు కూడా నా వంక చూశారు. మన ఇళ్ళల్లో ఇది అలవాటే: మనకు అనుమానం వచ్చిన తిండి పనిచేసేవారికి ఇచ్చేస్తాం, పారెయ్యలేదన్న తృప్తితో. నా పిల్లకు పెట్టనిది ఆమె పిల్లలకు ఎలా పెట్టను? వాళ్ళలో ఒకరికి వాంతులు పట్టుకుంటే ఒక రోజు కూలి పోతుంది, ఆసుపత్రి ఖర్చు మీద పడుతుంది. చెడిపోయిందని విప్పి చెప్పాను. ఆమె నమ్మలేదు, వాసన బాగుంది కదా అంది. గుడ్లూ మామిడిపళ్ళూ సంచిలో వేసి ఇచ్చాను, మధ్యాహ్నం వండిన కోడికూరలో పిల్లలకు సరిపడా గిన్నెలో పెట్టి పంపాను. ఆవుకూ కుక్కలకూ కూడా వెయ్యలేదు. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని నేర్పిన చేతులు నావి. గిన్నె వంచుతుంటే బాధ లేదంటే అబద్ధం. అత్తయ్యగారు లోపలికి వెళ్ళిపోయారు, చూడలేక. అన్నం, కూర కవర్లలో గట్టిగా కట్టి తడిచెత్త బండికి ఇచ్చాను.

మెకానిక్ సాయంత్రం వచ్చాడు. గ్యాస్ అయిపోయిందేమో అన్నాను. “గ్యాస్ వాడితే అయిపోదమ్మా, కారితేనే పోతుంది” అంటూ ఫ్రీజర్ వెనక పలక విప్పాడు. లోపల చలి పుట్టించే కాయిల్ కనిపించలేదు. తెల్లటి మంచు దిమ్మ, గోడ కట్టినట్టు. మా రకం ఫ్రిజ్‌లో చలి పుట్టేది అక్కడొక్కచోటే. ఫ్యాను ఆ చల్లగాలిని కింది అరకు నెడుతుంది. కాయిల్ మీద పేరుకునే మంచును ఒక చిన్న హీటరు అప్పుడప్పుడూ కరిగించాలి. ఆ హీటరు కాలిపోయింది. మంచు పేరుకుని గాలి దారి మూసుకుపోయింది. చలి పైనే చిక్కుకుని కింది అర వేడెక్కింది. ఇంకో రెండు రోజులు గడిస్తే పై అరా పోయేదట. ఇలాంటి ఫ్రిజ్‌లో పైన ఐసు ఉందని కింద చల్లగా ఉన్నట్టు కాదని అతను మాటల్లో అన్నాడు. పొద్దున మా వారు పొరబడింది, నేను నమ్మబోయింది సరిగ్గా అక్కడే.

హీటరు మార్చి, మంచు కరిగించి, రాత్రి ఎనిమిదికి ఆన్ చేశాడు. వెంటనే సర్దవద్దని అన్నాను, మా వారితో. ముందు లోపలి అరలు, రబ్బరు అంచు మడతలు, అడుగున నీళ్ళు జారే కన్నం అన్నీ సబ్బునీళ్ళతో కడిగి, వంటసోడా నీళ్ళతో తుడిచి ఆరబెట్టాం. రబ్బరు మడతలో పిండి ఎండి నల్లగా పట్టి ఉంది, సోమవారం పొర్లిన పిండి. పాత పళ్ళపొడి బ్రష్‌తో తీశాను. ఫ్రీజర్‌లో ఒక గ్లాసు నీళ్ళు పెట్టాను, గడ్డకట్టాక దాని మీద రూపాయి బిళ్ళ పెట్టడానికి. ఎప్పుడైనా కరిగి మళ్ళీ గడ్డకడితే బిళ్ళ లోపలికి దిగిపోతుంది. మేం ఊళ్ళో లేనప్పుడు ఏమైనా జరిగితే అదే చెబుతుంది. మధ్య అరలో గ్లాసు నీళ్ళలో సూది థర్మామీటరు నిలబెట్టాను.

పడుకోబోయే ముందు పదకొండింటికి 13 ఉంది. పొద్దున అయిదున్నరకు లేచి దీపం వెయ్యకుండానే వెళ్ళి తలుపు తీశాను. 4 చూపింది. కొత్త పాల ప్యాకెట్లు అప్పటిదాకా చేపల మార్కెట్ నుంచి తెచ్చిన థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య ఉన్నాయి. ఒకటి పొయ్యి మీద పెట్టి, మిగిలినవి లోపల సర్దాను. అత్తయ్యగారు వచ్చి థర్మామీటరు కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూశారు. “ఇది నాలుగేనా?” అని అడిగారు. నాలుగే అన్నాను. ఆవిడ దాన్ని మళ్ళీ గ్లాసులో నిలబెట్టి, తలుపు మూసి, కాఫీ గ్లాసు అందుకున్నారు.